మూడు గంటల మాత్ర

బస్సు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్లింది. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన రాసింది ఇదే. డిపో గేటు పక్కన కిటికీ ఉన్న చిన్న గది, ఒక కుర్చీ, ఒక గోడ గడియారం, ఒళ్లో పట్టనంత రిజిస్టరు. ఉద్యోగం టైమ్‌కీపరు, పిలుపూ టైమ్‌కీపరే. రిటైరై ఎనిమిదేళ్లయినా వీధిలో ఆ పిలుపు మారలేదు. పాలు పోసే మనిషి కూడా గుమ్మంలో ఆగి, "టైమ్‌కీపరు గారూ, ఇవాళ నేను లేటా?" అని అడిగి మరీ గిన్నె నింపుతాడు.

ఆ రిజిస్టరులో నాలుగు గడులు ఉండేవి. బండి నంబరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, ఎవరు. నాలుగో గడిలో డ్రైవరు సంతకం పెట్టాలి. మొదటి మూడూ ఎంత శుభ్రంగా ఉన్నా నాలుగోది ఖాళీగా ఉంటే ఆ వరుస చెల్లదు. ఆలస్యంగా వచ్చినవాళ్లు కిటికీలో తల పెట్టి బతిమాలేవారు.

"రెండు నిమిషాలే కదా గురువుగారూ. కళ్లు మూసుకోండి."

"కళ్లు మూసుకుంటే గడియారం ఎలా కనపడుతుందయ్యా" అనేవాడు ఆయన, రాస్తూనే.

కఠినుడేం కాదు. జరిగింది జరిగినట్టు కాగితం మీద ఉండాలి, అంతే. దాని కోసం ఆయన ఎవరితోనూ గొడవ పడలేదు, ఎవరికీ లొంగలేదు.

భార్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఆమె గొంతు విన్నవాళ్లు ముఖం చూడకపోయినా చుట్టరికం కలిపేసుకునేవారు. పదకొండేళ్ల కిందట ఆమె కుడిచేతి బొటనవేలు దానంతటది ఆడటం మొదలుపెట్టింది. తర్వాత చెయ్యి. తర్వాత నడక. ఆఖరికి ఆ గొంతు. డాక్టర్లు దాన్ని పార్కిన్సన్స్ అన్నారు. ఇంట్లో దాని పేరు 'చుట్టం'. ఆ పేరు పెట్టింది ఆమే.

"వచ్చిన చుట్టం ఎన్నాళ్లుంటాడో చెప్పకపోతే ఎలాగండీ? పక్క ఎక్కడ వెయ్యను?" అంది, డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజున.

చుట్టానికి ఆరు పూటలా మాత్ర పడాలి. ఆరు, తొమ్మిది, పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది. వేళకు పడితే ఆమె కప్పు పట్టుకుంటుంది, గోడ ఆసరాతో వరండా దాకా నడుస్తుంది, ఆయన మీద రెండు జోకులు వేస్తుంది. ఇరవై నిమిషాలు దాటితే ఒళ్లు చెక్క అవుతుంది. పక్కకు తిరగలేదు. గుటక పడదు. నోరు పెగలదు. మింగిన మాత్ర ఒంట్లోకి చేరడానికి అరగంట. మూడింటికి బయల్దేరితే మూడున్నరకు చేరుతుంది. ఆయనకు బాగా తెలిసిన లెక్క.

ఈ ఉద్యోగంలో మాత్రం రిలీవరు రాడు. పళ్లు తోమించడం, బొత్తాలు పెట్టడం, మంచం మీద గంటకోసారి పక్కకు తిప్పడం, రొట్టె పాలలో నానబెట్టి చెంచాతో పెట్టడం, చెంచా చెంచాకు మధ్య ఆగడం. ఆ ఆగడంలోనే ఆయన రోజంతా గడిచిపోయేది. అరవై ఆరేళ్లు. ఎడమ మోకాలు మెట్ల దగ్గర మొరాయిస్తుంది. నిద్రపోతాడు గానీ ఒక చెవి నిద్రపోదు.

చలికాలం చివర్లో ఆమెకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆస్పత్రిలో చేర్చారు. రెండో అంతస్తు, పదకొండు మంచాల వార్డు, ఆమెది ఏడోది.

చేర్చుకునేటప్పుడే ఇంటి మందులన్నీ సంచిలో వేయించి ఆయన చేతికిచ్చారు. "ఇవి ఇంట్లో పెట్టేయండి. ఇక్కడ మేం చూసుకుంటాం" అంది హెడ్ నర్సు. కాళ్లు నొప్పెట్టే మనిషిలా ఎప్పుడూ ఏదో ఒకదానికి ఆనుకుని నిలబడేది ఆమె. ఆయన ఆరు వేళలూ చెప్పాడు. ఆమె తల ఊపింది. వార్డులో మందులిచ్చే వేళలు మూడు. పొద్దున ఎనిమిది, మధ్యాహ్నం రెండు, రాత్రి ఎనిమిది. మాత్రలు ఆ మూడు వేళలకే వచ్చాయి.

ఆయన ఒక రూళ్ల నోటుపుస్తకం కొన్నాడు. నాలుగు గడులు గీశాడు. వేళ, ఏం జరిగింది, ఎవరు, మాట. వేరే ఏం చేయడమూ ఆయనకు చేత కాలేదు.

రోజూ మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడు దాకా నేల తుడుస్తారు, నర్సులు డ్యూటీ అప్పగించుకుంటారు. ఆ అరగంటా, పొద్దున డాక్టర్లు వచ్చినప్పుడూ రోగుల తాలూకు వాళ్లంతా బయటికి వెళ్లాలి. నడవాలో ఒక పొడుగు బల్ల ఉంది. అక్కడ కూర్చునేవాళ్లకు పేర్లుండవు. మూడో బెడ్డు తాలూకు, తొమ్మిదో బెడ్డు తాలూకు, అంతే. మూడో బెడ్డు తాలూకు ఆయన మంగలి. తల్లిని తీసుకుని ఆస్పత్రికి రావడం అది ఐదోసారి. తొమ్మిదో బెడ్డు తాలూకు ఆవిడ బట్టలు ఇస్త్రీ చేస్తుంది. మొగుడు మంచం మీద ఉన్నాడు.

"పెద్దాయనా, ఇంటి మందులు ఇచ్చేశారా?" అని అడిగాడు మంగలి మొదటి రోజు.

"తీసుకెళ్లమన్నారు. తీసుకెళ్లాను."

ఇస్త్రీ ఆవిడ నవ్వింది. "కొత్త పెళ్లికొడుకు."

"మా అమ్మ మాత్రలు ఎక్కడున్నాయో చెప్పుకోండి" అన్నాడు మంగలి.

"నాకేం తెలుసు?"

"షేవింగ్ బ్రష్షు డబ్బాలో. ఈవిడవి మేజోట్లో."

"ఏయ్, నా మేజోళ్ల సంగతి నీకెందుకు?" అంది ఆవిడ.

"మీకు కళ్లజోడు పెట్టె ఉందిగా పెద్దాయనా. అడుగున ఒక అట్ట పడుతుంది. వాడాలని కాదు. ధైర్యానికి."

మర్నాడు ఆయన కళ్లజోడు పెట్టె అడుగున ఒక మాత్రల అట్ట ఉంది. దాన్ని పెట్టేటప్పుడు, ఎన్నడూ లేనిది, ఆయన తన ఇంట్లో తనే తలుపు వేసుకున్నాడు.

మూడో రోజు దాటేదాకా ఆయన దాన్ని ముట్టలేదు. కనపడ్డ ప్రతి తెల్లకోటుకూ ఆరు వేళలు అప్పజెప్పాడు. మూడో రోజు ఆమె గుక్కెడు నీళ్లకు పొలమారి, కళ్లు తేలేసింది. ఆ రోజు ఆయన పుస్తకంలో రాసుకున్న అక్షరాలు కొంచెం పెద్దవిగా ఉన్నాయి.

నాలుగో రోజు పెద్ద డాక్టరు వచ్చినప్పుడు ఆయన బల్ల మీద ఉన్నాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు. మధ్యాహ్నం రెండయింది. మాత్ర రాలేదు. రెండుంపావు. రాలేదు. తుడిచే అమ్మాయిని అడిగితే "వస్తుందిలెండి" అంది. రెండున్నరకు అందర్నీ బయటికి పంపారు. బల్ల మీద కూర్చుని ఆయన గోడ గడియారం వంకే చూశాడు. ఉన్న మూడు పూటల్లో కూడా ఒకటి ఎగ్గొట్టారు. ఆయన ప్రాణం ఉసూరుమంది.

సరిగ్గా మూడింటికి తలుపు తీశారు. ఆమె చెక్కలా పడి ఉంది. కళ్లు మాత్రం ఆయన వైపు తిరిగాయి. ఆయన కళ్లజోడు పెట్టె తెరిచాడు. మాత్ర ఆమె నోట్లో పెట్టి, రెండు చెంచాల నీళ్లు పోసి, గడ్డం కొద్దిగా కిందికి వంచి, గుటక పడేదాకా గొంతు మీద వేలు ఆనించి ఉంచాడు. పుస్తకం తీశాడు. వేళ గడిలో 3.00 అని రాశాడు. పక్కన, మాత్ర అని రాశాడు. మూడో గడి దగ్గర ఆయన పెన్ను ఆగింది. ఎవరైనా చూస్తే? ఖాళీగా వదిలేశాడు. తర్వాత నింపుదామనుకున్నాడు.

మూడున్నరకల్లా ఆమె ఒళ్లు వదులైంది. మామూలుగా కాదు, అంతకన్నా ఎక్కువగా. వేళ్లు ఆడాయి, భుజం ఊగింది. నవ్వింది కూడా. చూశారా, వేళకు పడితే ఎలా ఉంటుందో అని ఆయన పది మంచాలకూ చెప్పాలనుకున్నాడు. సీసా పట్టుకుని వేడినీళ్ల కోసం నడవా చివరికి వెళ్లాడు. ఈలోగా ఆమె తనంతట తనే లేచి నిలబడింది. రెండడుగులు వేసింది. కళ్లు తిరిగి పడిపోయింది. ఎడమ మణికట్టు విరిగింది.

మీరెక్కడికి పోయారని ఆయన్ని ముగ్గురు అడిగారు. ఏమిచ్చారని ఎవరూ అడగలేదు.

సాయంత్రం ఆరింటికి కొత్త నర్సు మాత్ర తెచ్చింది. ఇరవై మూడో, నాలుగో ఉంటాయి ఆ పిల్లకు. చేరి రెండు నెలలు.

"ఆరింటికి ఏంటమ్మా? ఎనిమిదికి కదా?" అన్నాడాయన.

"పొద్దున పెద్ద సార్ మార్చారుగా అంకుల్. మీరు చెప్పిన వేళలే రాశారు. స్టోరు నుంచి మాత్రలు వచ్చేసరికి పన్నెండు దాటిపోయింది. అందుకే మధ్యాహ్నం రెండింటిది ఆపి మూడింటిది ఇచ్చాను. మీరు బయట ఉన్నప్పుడు. రెండూ యాభైకి."

పుస్తకం ఒళ్లోనే ఉంది. పెన్ను జేబులోనే ఉంది. ఆ పిల్ల ట్రాలీ తోసుకుంటూ ఎనిమిదో బెడ్డు దగ్గరికి వెళ్లిపోయింది.

తొమ్మిదో రోజున పంపించేశారు. సామాన్లు సర్దుకునే హడావుడిలో పుస్తకం దిండు కింద ఉండిపోయింది. మర్చిపోయానని ఆయన అనుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన ఒక్క రిజిస్టరు కూడా మర్చిపోలేదు.

మూడు వారాలు గడిచాక ఫోను వచ్చింది. ఆస్పత్రిలో క్వాలిటీ విభాగం చూసే మేడమ్.

"మీ పుస్తకం మా దగ్గరే ఉందండీ. ఎంత బాగా రాశారండీ! నిమిషాలతో సహా! మేం రోగుల భద్రత మీద కమిటీ ఒకటి పెట్టాం. ఇంట్లో మనిషిని చూసుకునేవాళ్ల తరఫున అందులో ఒక కుర్చీ ఉండాలని కొత్తగా అనుకున్నాం. మీరే రావాలి. గురువారం రెండు గంటలకి."

"మూడింటికి మా ఆవిడకి మాత్ర ఉందండీ."

"అందుకే కదండీ మిమ్మల్ని పిలుస్తున్నది!"

"పొద్దున పెట్టుకోకూడదా?"

"డాక్టర్లందరూ ఆ వేళకే దొరుకుతారండీ. ఎలాగో సర్దుకోండి. అన్నట్టు, మీ పుస్తకం వల్లే ఆ నర్సు సంగతి కూడా తేలబోతోంది."

"ఏ నర్సు?"

"కొత్తగా చేరిన అమ్మాయి. రెండూ యాభైకి మాత్ర ఇచ్చానని చార్టులో రాసింది. మీ పుస్తకంలో చూస్తే మూడింటికి. బీపీ అలా పడిపోయిందంటే మాత్ర రెండుసార్లు పడి ఉంటుందని డాక్టర్లు అంటున్నారు. ఇచ్చిన సంగతి మర్చిపోయి మళ్లీ ఇచ్చి ఉంటుంది. ప్రస్తుతానికి రికార్డుల గదిలో వేశాం. గురువారం నిర్ణయం తీసుకుంటారు. ఉంచడమా, పంపడమా అని."

ఫోను పెట్టేశాక ఆయన చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లోపల్నుంచి భార్య పిలిచింది. పిలుపు అంటే దిండు మీద చేతి చప్పుడు.

"ఎవరు?" అంది, ఆయన చెవి దగ్గరికి వంగాక.

"ఆస్పత్రివాళ్లు. కమిటీలోకి రమ్మంటున్నారు."

"జీతమెంత?"

"నీకిస్తున్న జీతమే నాకూ."

ఆమె నవ్వింది. కట్టు వేసిన ఎడమచేతిని చూపించింది. "నాకు కనీసం బోనస్ ఇచ్చారు."

చెప్పాలనుకున్నాడు. ముఖం చెల్లలేదు. దుప్పటి సర్దాడు.

గురువారం మధ్యాహ్నం మరదలు వచ్చింది. భార్యకు చెల్లెలు, బేకరీలో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. ఆమెకు సెలవు ఆ ఒక్కరోజే. కాళ్లు చాపుకుని పడుకోవాల్సిన రోజు ఇక్కడికొచ్చింది. ఆయన ఒక కాగితం చేతికిచ్చాడు. రెండువైపులా రాసి ఉంది.

"బావగారూ, ఇది మా అక్కా, విమానమా?"

"చదువు. మూడింటికి మాత్ర. తల కింద రెండు దిళ్లు. నీళ్లు చెంచాతో. గడ్డం కిందికి వంచాలి, పైకెత్తకూడదు. గుటక పడిందాకా..."

"చిన్నప్పుడు నాకు అన్నం పెట్టింది మా అక్కే. నోట్లో ఎలా పెట్టాలో తెలుసు. మీరు బయల్దేరండి. చొక్కా బొత్తాలు ఒకటి పైకి పెట్టుకున్నారు, కమిటీ మెంబరు గారూ."

మంచం మీద నుంచి నవ్వు లాంటి ఊపిరి వినపడింది.

కమిటీ గది ఆస్పత్రి నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయడం లేదు. పొడుగు బల్ల, ఒక్కొక్కరి ముందూ నీళ్ల సీసా, పేరున్న అట్టముక్క. ఆయన ముందున్న అట్ట మీద 'సహాయకుల ప్రతినిధి' అని ఉంది. రెండింటికి అన్న మీటింగు రెండూ పదిహేడుకు మొదలైంది. క్వాలిటీ మేడమ్ గోడ మీద బొమ్మలు వేస్తూ మాట్లాడింది. భాగస్వామ్యం అనే మాట ఆమె నోట ఆరుసార్లు వచ్చింది. ఆయనకు లెక్కపెట్టడం అలవాటు. పెద్ద డాక్టరు కళ్లు ఎర్రగా ఉన్నాయి. హెడ్ నర్సు కుర్చీలో కూర్చుని కూడా బల్లకు ఆనుకునే ఉంది. మందుల స్టోరు చూసే ఆయన పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉన్నాడు. గదిలో హాయిగా నిద్రపోయి వచ్చినవాళ్లు ఒక్కరూ ఉన్నట్టు లేరు.

రెండూ యాభై ఆరుకు గోడ మీద ఆయన పుస్తకం వచ్చింది.

నాలుగో రోజు పేజీ. ఆయన అక్షరాలు ఒక్కొక్కటి జానెడు ఉన్నాయి. 3.00. మాత్ర. ఆ పక్కన ఖాళీ గడి డిపో కిటికీ అంత ఉంది.

"చూడండి, ఎంత స్పష్టంగా ఉందో" అంది మేడమ్. "చార్టు రెండూ యాభై అంటోంది. కుటుంబసభ్యుడి పుస్తకం మూడు అంటోంది. ముప్పై ఏళ్లు వేళలు రాసిన మనిషి. ఎవర్ని నమ్మాలి?"

"పుస్తకాన్నే" అన్నాడు పెద్ద డాక్టరు. "ఆ అమ్మాయి సంగతి ఇక తేల్చేద్దాం. నాకు మూడుంపావుకు ఓపీ ఉంది."

అప్పుడే ఆయన జేబులో అలారం మోగింది. అందరూ తల తిప్పారు. ఆయన తడబడుతూ దాన్ని ఆపాడు.

"మాత్ర వేళ" అన్నాడు.

"అరే, మీరిక్కడుంటే అక్కడ ఎవరిస్తారు?" అని అడిగాడు స్టోరు ఆయన. మామూలుగానే అడిగాడు, పెన్ను మూత పెడుతూ.

ఎవరు.

ఆయన లేచి నిలబడ్డాడు. మోకాలు పట్టేసింది. బల్ల అంచు పట్టుకున్నాడు.

"మూడో గడి ఖాళీగా ఉంది" అన్నాడు. "దాన్ని ఎవరూ అడగలేదేం?"

"దాందేముందండీ, నర్సే కదా" అంది మేడమ్.

"కాదు. నేను."

ఆయన జేబులోంచి కళ్లజోడు పెట్టె తీసి నీళ్ల సీసా పక్కన పెట్టి తెరిచాడు. అడుగున అట్ట ఇంకా ఉంది. ఒక మాత్ర లేని చోట చిన్న చిల్లు.

"ఆ అమ్మాయి రెండూ యాభైకి ఇచ్చింది. నిజమే రాసింది. మూడింటికి నేనిచ్చాను. నా భార్య చెయ్యి విరగ్గొట్టింది నేను. ఆ గడి నింపడానికి నాకు దమ్ము చాలక వదిలేశాను."

హెడ్ నర్సు ముఖం ఎర్రబడింది. "ఇందుకే చెప్తున్నాను మొదట్నుంచీ! ఇంటి మందులు లోపలికి రానివ్వకూడదు. రేపట్నుంచి సంచులు వెతికిస్తాను. అందరివీ."

"వెతికించండి, దొరుకుతాయి. మేజోళ్లలో, డబ్బాల్లో, ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ." మంగలి ముఖం, ఇస్త్రీ ఆవిడ ముఖం ఆయన కళ్ల ముందు మెదిలాయి. వాళ్లను పట్టిచ్చినట్టయిందని ఒళ్లు చచ్చిపోయింది. కానీ ఇక ఆగితే మళ్లీ లేవలేడు. "దొరికాక ఏం చేస్తారు? ఇంకా లోపల దాస్తారు. ఆ రోజు రెండింటికి మాత్ర రాలేదు. ఎందుకు రాలేదో నాకెవరూ చెప్పలేదు. మూడింటికి మార్చారని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ పెట్టెలో కళ్లజోడు ఒక్కటే ఉండేది."

"మార్చింది నేనే" అన్నాడు పెద్ద డాక్టరు నెమ్మదిగా. "చెప్పాల్సిందే. అప్పుడు మీరు బయట ఉన్నారు."

"మీరే పంపారు సార్."

డాక్టరు చేతిగడియారం చూసుకోబోయి మానుకున్నాడు.

స్టోరు ఆయన పెన్ను మూత తీసి, ఈసారి రాయడం మొదలుపెట్టాడు. "మాత్ర వేళ మారిస్తే చార్టులో మారుతుంది, స్టోరుకి చీటీ వస్తుంది. ఇంటివాళ్లకి చెప్పాం అనే గడి మాత్రం ఎక్కడా లేదు. నిజమే."

"ఇంకో గడా?" అంది హెడ్ నర్సు. "పదకొండు మందికి ఇద్దరం. రాయడానికి మాకెన్ని చేతులు?"

ఆమె మాటలో కోపం కన్నా అలసటే ఎక్కువ ఉంది. అది ఆయనకు పరిచయమైన అలసటే.

"మేం రాస్తాం" అన్నాడు. "మాకూ చేతులు లేవు. అయినా రాస్తాం. మంచం కాళ్ల దగ్గర ఒక కాగితం కట్టండి. మాత్ర, వేళ, ఎవరు. మీరిచ్చినా అందులోనే, మేమిచ్చినా అందులోనే. దాచే పని ఉండదు. డాక్టరు వచ్చినప్పుడు మాలో ఒక్కరిని లోపల ఉండనివ్వండి."

కాసేపు వాదించుకున్నారు. ఆఖరికి ఒక్క వార్డులో, ఒక్క నెల చూద్దామన్నారు. అంతకు మించి ఎవరూ మాటివ్వలేదు. హెడ్ నర్సు సరేననలేదు, కాదనలేదు. తల మాత్రం ఊపింది, మొదటి రోజు ఊపినట్టే. సంచులు వెతికే మాట పక్కన పెట్టారు. పక్కన పెట్టడం మానేయడం కాదని ఆయనకు తెలుసు. పెద్ద డాక్టరు లేస్తూ, ఆ అమ్మాయిని రేపు వార్డుకి పంపమన్నాడు.

"ఇవాళ పంపండి" అన్నాడాయన.

"ఇవాళే" అని డాక్టరు వెళ్లిపోయాడు.

మేడమ్ పుస్తకం తిరిగిచ్చింది. వచ్చే నెల మీటింగు కూడా రెండింటికేనని చెప్పింది. ఆయన నవ్వబోయాడు గానీ ఓపిక లేకపోయింది.

రికార్డుల గది కింద అంతస్తులో ఉంది. బీరువాల మధ్య స్టూలు మీద కూర్చుని ఆ పిల్ల ఫైళ్లకు తాడు కడుతోంది. వేళ్లకు దుమ్ము. ఆయన నిలబడే చెప్పాడు. పూర్తిగా చెప్పాడు. ఆమె తాడు ముడి వేసింది. విప్పింది. మళ్లీ వేసింది.

"రోజూ ఆ మధ్యాహ్నాన్ని మళ్లీ చేసి చూసుకునేదాన్ని అంకుల్. ట్రాలీ, కప్పు, మాత్ర. ఒకసారే ఇచ్చాననిపించేది. కాసేపటికి, ఏమో రెండుసార్లు ఇచ్చానేమో అనిపించేది. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది."

"తప్పు నాది తల్లీ."

"ఇప్పుడు తెలిసింది. ముందే చెప్పుంటే బాగుండేది."

ఆయన వెనక్కి తిరిగాడు. తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి అడిగింది. "ఆవిడ చెయ్యి ఎలా ఉంది?"

"ఇంకో పదిహేను రోజులు కట్టు."

ఆ పిల్ల ఇంకో ఫైలు అందుకుంది.

ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. బస్సు ఎప్పుడు ఎక్కాడో, ఎప్పుడు దిగాడో ఆయన చూసుకోలేదు. మరదలు చెప్పులు వేసుకుంటోంది.

"మూడూ ఒకటికి వేశాను బావగారూ. మీ దగ్గర అబద్ధం ఆడలేం కదా. గుటక పడింది. నా మీద రెండు జోకులు కూడా పడ్డాయి." ఆయన ముఖం చూసి ఆగింది. "ఏమైంది?"

"ఏం లేదు. నువ్వు వెళ్లి పడుకో. ఒక్కరోజే కదా నీకు."

ఆయన మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. చెప్పుల దుమ్ము కూడా దులుపుకోలేదు. భార్య ఆయన వైపే చూస్తోంది. ఆయన వంగాడు.

"చెప్పారా?" అంది.

"ఏం చెప్పాలి?"

"రెండో మాత్ర సంగతి."

ఆయన వెన్ను కుర్చీకి తగిలింది. మళ్లీ వంగడానికి కొంత సేపు పట్టింది.

"నీకు తెలుసా?"

"మింగింది నేను కదండీ."

బయట ఎవరో కొళాయి తిప్పారు. నీళ్లు బిందెలో పడుతున్న చప్పుడు కొంతసేపు ఉంది.

"మరి అప్పుడే ఎందుకు..."

"మొదటిది ఇంకా చేరలేదు. నోరు రాలేదు. పెదాలు బిగించాను." ఆమె ఊపిరి తీసుకుంది. "మీరు బొటనవేలితో తెరిచారు."

ఆయనకు గుర్తొచ్చింది. పెదాలు బిగుసుకుని ఉన్నాయి. జబ్బు బిగువు అనుకున్నాడు. కింది పెదవి మీద బొటనవేలు పెట్టి మెల్లగా లాగాడు, ఎన్ని వందలసార్లు చేశాడో లెక్కలేనంత మామూలుగా. ఆ పూట గడియారం చూశాడు, మాత్ర చూశాడు, గుటక చూశాడు. ఆమె కళ్లు తన వైపు తిరిగినట్టు పుస్తకంలో మాట అనే గడిలో రాశాడు కూడా. ఎందుకు తిరిగాయో అడగలేదు.

"తర్వాతైనా చెప్పొచ్చు కదా."

"ఎవరడిగారు? డాక్టరు మీతో మాట్లాడాడు. నర్సు మీతో మాట్లాడింది. మీరు పుస్తకంతో మాట్లాడారు." ఆమె పెదవి ఒక పక్కకు కదిలింది. అది నవ్వే. "చెప్తారేమోనని చూస్తున్నాను. చుట్టం నాకొచ్చిందనుకున్నాను. నాకంటే మీకే నిదానం ఎక్కువైంది."

ఆయన ఆమె కట్టు మీద చెయ్యి పెట్టాడు. పిండికట్టు గట్టిగా, చల్లగా ఉంది. రికార్డుల గదిలో ఉన్న పిల్ల గురించి చెప్పాడు. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

"పాపం" అంది. ఆ మాట ఎవరి గురించో ఆయన అడగలేదు.

ఆరయింది. అలారం మోగింది. ఆయన దిళ్లు సర్ది, ఆమెను కొంచెం లేపి, చెంచా, నీళ్లు పక్కన పెట్టుకున్నాడు. మాత్రను అరచేతిలో పెట్టి ఆమె కళ్ల ముందు చూపించాడు. ఆగాడు.

ఆమె పెదాలు మూసుకునే ఉన్నాయి. మూడింటి మాత్ర బలం తగ్గుతున్నట్టుంది, ముఖం నెమ్మదిగా బిగుసుకుంటోంది. ఆయన బొటనవేలు దానంతటదే కదిలింది. వెనక్కి తీసుకున్నాడు. ఒక నిమిషం. రెండు. అరచెయ్యి నొప్పి పుట్టింది. ఎదురుగా గడియారం ఉంది. దాని వంక చూడకుండా ఉండటం ఆయనకు మెట్లెక్కడం కన్నా కష్టమైంది. ఆమె మాత్ర వంక చూసింది, ఆయన వంక చూసింది. నోరు తెరిచింది.

గుటక పడ్డాక పుస్తకం తీశాడు. ముందు పాత పేజీ తిప్పాడు. నాలుగో రోజు, మూడు గంటల వరుస. ఖాళీ గడిలో 'నేను' అని రాశాడు. తర్వాత కొత్త పేజీలో గీతలు గీశాడు. 6.04. మాత్ర.

మూడో గడి దగ్గర పెన్ను ఆమె కుడిచేతిలో పెట్టి, పుస్తకం అట్ట కింద తన చెయ్యి ఆనించి పట్టుకున్నాడు. బొటనవేలు ఆడింది. గడిలో ఒక వంకర గీత పడింది, కొంత పక్క గడిలోకి కూడా పోయింది. డిపోలో ఇంతకన్నా అన్యాయమైన సంతకాలు ఎన్నో చూశాడు. చెల్లుతుంది.

పుస్తకం మూశాడు. తొమ్మిదింటి మాత్రకు ఇంకా మూడు గంటలకు నాలుగు నిమిషాలు తక్కువ ఉంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, చెప్పులు విడవకుండానే కళ్లు మూసుకున్నాడు.